పాత ఆర్గాన్ ప్లగిన్ తెరుచుకోవడం లేదా? అదే సౌండ్‌ని కొత్త ప్లగిన్‌లోకి తెచ్చుకునే పద్ధతి

ఐదారేళ్ల కిందటి ప్రాజెక్టు తెరవగానే ఆర్గాన్ ట్రాక్ దగ్గర 'ప్లగిన్ దొరకలేదు' అని వస్తుంది (ప్లగిన్ అంటే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ లోపల తెరుచుకునే వాయిద్యం). నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ బీ4 II, జీఎస్ఐ వాళ్ల పాత వీబీ3 లాంటివి వాడిన సెషన్లలో ఇది మామూలే. చర్చి పాటలు రికార్డు చేసే మన హోమ్ స్టూడియోల్లో అలాంటి సెషన్లు కొల్లలు. చాలామంది వెంటనే కొత్త ఆర్గాన్ వేసి, అందులో 'గాస్పెల్' అనో 'రాక్' అనో కనిపించిన ప్రీసెట్ పెట్టి, దగ్గరగానే ఉంది కదా అని వదిలేస్తారు. పాట మారిపోయేది అక్కడే.

ఈ ప్లగిన్‌లు అనుకరించేది హామండ్ బీ-3 అనే ఎలక్ట్రిక్ ఆర్గాన్‌ని. దాని సౌండ్ ప్రీసెట్ పేరులో లేదు. తొమ్మిది డ్రాబార్ల (ఒక్కో స్వరం ఎంత కలవాలో లాగి పెట్టే కడ్డీలు) అంకెలు, నాలుగు పర్కషన్ (నోట్ మొదట్లో వచ్చే 'టిక్') స్విచ్‌లు, ఒక వైబ్రాటో నాబ్, లెస్లీ (తిరిగే స్పీకర్) స్పీడ్, ఎక్స్‌ప్రెషన్ (వాల్యూమ్) పెడల్ కదలిక, అందులో ఉన్నది ఇంతే. పాత ప్లగిన్ ప్రీసెట్ ఫైలును కొత్తది చదవలేదు. ఈ అంకెలు మాత్రం ఏ ప్లగిన్‌లోకైనా వెళ్తాయి. అందుకే కొత్తదాన్ని కొనే ముందే పాతదాని అంకెలు బయటికి తీయాలి.

ముందు కారణం తేల్చుకోండి

ప్లగిన్ తెరుచుకోకపోవడానికి మూడు కారణాలు ఉంటాయి. ఒక్కోదానికి మందు వేరు.

మొదటిది 32 బిట్ ప్లగిన్ కావడం. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్లలో క్యూబేస్ 2016లో 9వ వెర్షన్‌తో, ఏబుల్టన్ లైవ్ 2018లో 10వ వెర్షన్‌తో 64 బిట్‌కే పరిమితమయ్యాయి. మాక్‌లో 2019 నాటి కాటలినా నుంచి 32 బిట్ ప్రోగ్రాములు అసలు నడవవు, ఏ బ్రిడ్జీ (పాత ప్లగిన్‌ని కొత్త సాఫ్ట్‌వేర్‌లో నడిపించే మధ్యవర్తి ప్రోగ్రాం) పనికిరాదు. మొహావీ లేదా అంతకు ముందు సిస్టమ్ ఉన్న పాత ఇంటెల్ మాక్ ఒక్కటే దారి. విండోస్‌లో పరిస్థితి నయం. 64 బిట్ రీపర్ 32 బిట్ ప్లగిన్‌లను తన సొంత బ్రిడ్జ్‌తో నేరుగా తెరుస్తుంది. మిగతా సాఫ్ట్‌వేర్లకు జేబ్రిడ్జ్ ఉంది.

రెండోది వీఎస్‌టీ2 అనే పాత ప్లగిన్ ఫార్మాట్. దాని డెవలపర్ కిట్‌ను క్యూబేస్ తయారుచేసే స్టైన్‌బర్గ్ 2018లోనే ఆపేసింది. ప్లగిన్ 64 బిట్‌దే అయినా వీఎస్‌టీ2 అయితే, ఆపిల్ సిలికాన్ (ఎం-సిరీస్ మాక్) మీద నేటివ్‌గా నడిచే క్యూబేస్ దాన్ని లోడ్ చేయదు. బ్లూ క్యాట్ ప్యాచ్‌వర్క్ లాంటిది ఇక్కడ అక్కరకొస్తుంది. అది తాను వీఎస్‌టీ3గా లోడ్ అయి, వీఎస్‌టీ2 ప్లగిన్‌లను తన లోపల తెరుస్తుంది.

మూడోది ప్రాసెసర్. ఇంటెల్ కోసం రాసిన ప్లగిన్ ఎం-సిరీస్ మాక్‌లో కనిపించకపోతే, ఫైండర్‌లో మీ మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ మీద 'గెట్ ఇన్ఫో' నొక్కి 'ఓపెన్ యూజింగ్ రోసెట్టా' టిక్ చేసి మళ్లీ తెరవండి. దీన్ని శాశ్వత పరిష్కారం అనుకోవద్దు. ఇంటెల్ ప్రోగ్రాములను ఎం-సిరీస్‌లో నడిపించే రోసెట్టా పూర్తిస్థాయిలో మాక్ ఓఎస్ 27 వరకే ఉంటుందని ఆపిల్ 2025లో చెప్పేసింది.

ఈ బ్రిడ్జీల వల్ల ఒకే ఒక ఉపయోగం ఉంది: పాత ప్లగిన్ మరొక్కసారి తెరుచుకుంటుంది, మనం అంకెలు రాసుకుంటాం. మిక్స్ మొత్తం బ్రిడ్జ్ మీద నడిపిస్తే సేవ్ చేసేటప్పుడో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడో క్రాష్ కావచ్చు. ఇంకో మాట. పాత ప్లగిన్ యాక్టివేట్ అయి ఉన్న కంప్యూటర్‌ను ఈ పని అయ్యేదాకా ఫార్మాట్ చేయవద్దు. ఆపేసిన ఉత్పత్తికి యాక్టివేషన్ మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం లేదు.

పాతదాని నుంచి తీసి పెట్టుకోవాల్సినవి

పాత ప్లగిన్ తెరుచుకోగానే ఏదీ కదపకుండా స్క్రీన్‌షాట్ తీయండి. డ్రాబార్ల పేజీ, లెస్లీ పేజీ, ఆంప్ పేజీ, మిడి (వాయించిన నోట్లు, కంట్రోళ్ల డేటా) పేజీ, అన్నీ. తర్వాత డ్రాబార్లను అంకెల్లో రాయండి, మూసి ఉంటే 0, పూర్తిగా లాగితే 8. ఆర్గాన్ వాయించేవాళ్లు రాసే వరస 2-4-3: మొదట గోధుమ రంగువి రెండు, తర్వాత నాలుగు, చివర మూడు. ఉదాహరణకు జాజ్ ఆర్గాన్ వాద్యకారుడు జిమ్మీ స్మిత్ బాణీ సౌండ్ 88 8000 000, దానికి మూడో హార్మోనిక్ పర్కషన్. పాటలో రిజిస్ట్రేషన్ (డ్రాబార్ల అమరిక) మారితే బార్ నంబర్‌తో రాయండి: 'బార్ 17 నుంచి 88 8800 008' అన్నట్టు. పై మాన్యువల్ (కీబోర్డు), కింది మాన్యువల్, పెడల్ వేర్వేరుగా రాయాలి.

ఆ తర్వాత ఆడియో. పాట మొత్తానికి రెండు ఎక్స్‌పోర్టులు చేయండి, ఒకటి లెస్లీ ఆపి, ఒకటి లెస్లీతో. 24 బిట్ చాలు, శాంపిల్ రేటు ప్రాజెక్టుదే ఉంచండి. లెస్లీతో ఉన్నది ఆపద్ధర్మం. కొత్త ప్లగిన్‌తో కుదరకపోతే నేరుగా మిక్స్‌లో పెట్టుకోవచ్చు. లెస్లీ లేనిది డ్రాబార్లు సరిపోల్చడానికి.

ఇంకో చిన్న రికార్డింగ్ కూడా చేయండి, తర్వాత చాలా పని తప్పుతుంది. డ్రాబార్లు 00 8000 000 పెట్టి, పర్కషన్, వైబ్రాటో ఆపి, 84వ నంబర్ నోట్ పట్టుకోండి. లెస్లీ ఆరు సెకన్లు స్లో, ఆరు సెకన్లు ఫాస్ట్, మళ్లీ పది సెకన్లు స్లో. అదే పని 48వ నోట్‌తో కూడా. మొదటిది 1047 హెర్ట్జ్, అంటే లెస్లీలో పై స్వరాలను హార్న్‌కి, కింది స్వరాలను డ్రమ్‌కి పంచే క్రాసోవర్ 800 హెర్ట్జ్‌కి పైన కాబట్టి హార్న్ నుంచే వస్తుంది. రెండోది 131 హెర్ట్జ్, అది కింది డ్రమ్ నుంచి వస్తుంది. హార్న్, డ్రమ్ విడివిడిగా ఎలా తిరుగుతున్నాయో దీనితో తేటతెల్లమవుతుంది.

నోట్ నంబర్లే ఎందుకు చెబుతున్నామంటే, 60వ నోట్‌ని క్యూబేస్ సీ3 అంటుంది, రీపర్ సీ4 అంటుంది. పేరు చూసి వాయిస్తే ఒక ఆక్టేవ్ తేడా వస్తుంది.

చివరగా మిడి ఫైలు ఎక్స్‌పోర్ట్ చేయండి, కంట్రోలర్ డేటాతో సహా.

ప్లగిన్ అసలు తెరుచుకోకపోతే

పాత స్టెమ్ (ఆర్గాన్ ట్రాక్ ఒక్కదాని ఆడియో) గానీ, ఆర్గాన్ ఒక్కటే వినిపించే చోటు గానీ ఉంటే డ్రాబార్ల అంకెలు దాని నుంచే లాగవచ్చు. హామండ్‌లో ఒక్కో డ్రాబార్ దాదాపు ఒక్క శుద్ధమైన సైన్ వేవ్. కాబట్టి స్పెక్ట్రమ్ అనలైజర్‌లో ఒక్కోటి ఒక్కో శిఖరంగా నిలబడుతుంది. ఒకే నోట్ మోగుతున్న చోటు వెతకండి. అది 60వ నోట్ అయితే శిఖరాలు ఇక్కడ ఉంటాయి (డ్రాబార్లకు పైపు పొడవును బట్టి అడుగుల్లో పేర్లు): 16 అడుగులది 131 హెర్ట్జ్, 5⅓ ది 392, 8 ది 262, 4 ది 523, 2⅔ ది 784, 2 ది 1047, 1⅗ ది 1319, 1⅓ ది 1568, 1 అడుగుది 2093. వేరే నోట్ అయితే ఇదే నిష్పత్తిలో జరపండి.

డ్రాబార్‌లో ఒక్కో మెట్టు సుమారు 3 డెసిబెల్స్. అన్నింటికన్నా ఎత్తయిన శిఖరాన్ని 8 అనుకుంటే, దానికన్నా 6 డెసిబెల్స్ తక్కువున్నది 6, 12 తక్కువున్నది 4. నోట్ మొదట్లో కొలవద్దు. రెండో హార్మోనిక్ పర్కషన్ 4 అడుగుల శిఖరాన్ని, మూడో హార్మోనిక్ 2⅔ శిఖరాన్ని కాసేపు పైకి లేపుతాయి. అది తగ్గాక, నోట్ చివర్లో కొలవండి. ఫాస్ట్ లెస్లీ ఉన్న చోట శిఖరాలు ఊగుతుంటాయి కాబట్టి రెండు మూడు సెకన్ల సగటు తీసుకోండి. ఆంప్ డ్రైవ్ బాగా ఎక్కించి ఉంటే లేని శిఖరాలు పుట్టుకొస్తాయి, అలాంటప్పుడు ఈ లెక్కను చెవితో సరిచూసుకోక తప్పదు.

కొత్తది ఏది?

ఆపిల్ లాజిక్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు వింటేజ్ బీ3 అందులోనే ఉంది, వేరే ఖర్చు లేదు. ఉచితంగా కావాలంటే సెట్‌బీఫ్రీ ఉంది. అది ఎల్‌వీ2 ప్లగిన్‌గా వస్తుంది, ఆర్డర్ (Ardour) అనే సాఫ్ట్‌వేర్‌లోనూ ఇప్పటి రీపర్‌లోనూ తెరుచుకుంటుంది. ముఖం సాదాగా ఉన్నా టోన్‌వీల్ (హామండ్‌లో స్వరం పుట్టించే చక్రం) మోడలింగ్ గట్టిది. కొనేవాటిలో జీఎస్ఐ వీబీ3-II, ఐకే మల్టీమీడియా హామండ్ బీ-3ఎక్స్, ఆర్టూరియా బీ-3 వీ, జీజీ ఆడియో బ్లూ3 ఉన్నాయి. పాత సెషన్లు వీబీ3వి అయితే వీబీ3-II వైపు వెళ్లడమే న్యాయం, స్వభావం ఒకే కుటుంబానిది.

శాంపిల్స్ (ముందే రికార్డు చేసిన నోట్లు) మీద నడిచే ఆర్గాన్లు ఈ పనికి అంత నప్పవు. నోట్ మోగుతుండగా డ్రాబార్ లాగినప్పుడు, పర్కషన్ ఎప్పుడు పలకాలన్న నియమం దగ్గర మోడలింగ్ ప్లగిన్‌లే సహజంగా ఉంటాయి. ఏది కొన్నా ముందు ట్రయల్‌లో ఈ పద్ధతి అంతా ఒక పాట మీద చేసి చూడండి.

డ్రాబార్లు సరిపోల్చడం

పాత ట్రాక్ పక్కనే కొత్త ట్రాక్ వేసి మిడి కాపీ చేయండి. కొత్త ప్లగిన్‌లో రివర్బ్, డ్రైవ్, వైబ్రాటో, పర్కషన్, లెస్లీ అన్నీ ఆపేయండి. ఇప్పుడు అంకెలు పెట్టి, లెస్లీ లేని పాత రికార్డింగ్‌తో మార్చి మార్చి వినండి. ముందు వాల్యూమ్ సమానం చేయండి. ఒక డెసిబెల్ ఎక్కువున్నదే చెవికి 'బాగుంది' అనిపిస్తుంది, అది మోసం.

ఫేజ్ తిప్పి ఒకదానితో ఒకటి రద్దు చేసి చూడాలని కొందరు ప్రయత్నిస్తారు. అది పనిచేయదు. 91 టోన్‌వీల్స్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, నోట్ నొక్కిన క్షణంలో వాటి ఫేజ్ ఎక్కడుందో ప్రతిసారీ మారుతుంది. ఒకే ప్లగిన్‌ని రెండుసార్లు రికార్డు చేసినా రద్దు కాదు.

అంకెలు ఒకటే అయినా కింది ఆక్టేవ్‌లో తేడా వినిపిస్తే అది ఫోల్డ్‌బ్యాక్. అసలు బీ-3లో మాన్యువల్ అడుగు ఆక్టేవ్‌లో 16 అడుగుల డ్రాబార్ ఇంకా కిందికి దిగదు, పై ఆక్టేవ్ స్వరాన్నే మళ్లీ పలుకుతుంది. కొన్ని ప్లగిన్‌లు దిగనిస్తాయి. అప్పుడు ఎడమచేతి కార్డులు బేస్ గిటార్ మీద పడి మిక్స్ బురదవుతుంది. ఈక్యూతో కోయకండి. ప్లగిన్ సెట్టింగుల్లో 16 అడుగుల ఫోల్డ్‌బ్యాక్ ఆప్షన్ ఉంటే పాతదాని ప్రకారం పెట్టండి. లేకపోతే ఆ నోట్లను ఎడిటర్‌లో ఒక ఆక్టేవ్ పైకి జరిపి, మిగతా డ్రాబార్లు ఏమవుతున్నాయో వినండి.

కీ క్లిక్ (కీ నొక్కగానే వచ్చే టక్ మనే చప్పుడు) కూడా చూడండి. కొత్త ప్లగిన్‌లలో అది బాగా పదునుగా ఉంటుంది. పాటలో ఆర్గాన్ హఠాత్తుగా ముందుకొచ్చినట్టు అనిపిస్తే డ్రాబార్లు కదపకుండా క్లిక్ తగ్గించండి.

పర్కషన్ పలకకపోతే

మార్చేటప్పుడు ఎక్కువ మంది తలపట్టుకునేది ఇక్కడే. పర్కషన్ ఆన్‌లో ఉంటుంది, వినబడదు. లేదా మొదటి నోట్‌కి వచ్చి తర్వాత మాయమవుతుంది.

మాయమవడానికి కారణం అసలు వాయిద్యంలోనే ఉంది. బీ-3లో పర్కషన్ ఒక్కసారే పలుకుతుంది. పై మాన్యువల్‌లో కీలన్నీ వదిలాకే మళ్లీ పలుకుతుంది. ఒక్క వేలు నొక్కి ఉంచినా తర్వాతి నోట్లకు ఆ 'టిక్' రాదు. పాత ప్లగిన్ ఈ విషయంలో ఉదారంగా ఉండి, కొత్తది నిక్కచ్చిగా ఉంటే, నోట్లు ఒకదాని మీద ఒకటి కొద్దిగా ఎక్కిన చోటల్లా పర్కషన్ పోతుంది. క్వాంటైజ్ చేసిన (బీటుకు సర్దిన) లైన్లలో ఇది మరీ ఎక్కువ. ఎందుకంటే నోట్లు జరిగినప్పుడు పక్క నోట్ మీదికి ఎక్కవచ్చు. నోట్ల చివరలు కోసి మధ్యలో 15 మిల్లీసెకన్ల ఖాళీ ఇవ్వండి. 120 టెంపోలో, బీటుకు 480 టిక్కులున్న ప్రాజెక్టులో ఒక టిక్కు సుమారు ఒక మిల్లీసెకను, కాబట్టి 15 టిక్కులు. అన్నింటికీ కోయవద్దు. పాత రికార్డింగ్ విని ఎక్కడ 'టిక్' ఉందో అక్కడే కోయండి. లేకపోతే లెగాటో ఫ్రేజులు ముక్కలైపోతాయి.

అసలు మొదటి నుంచే వినబడకపోతే డ్రాబార్ సెట్ చూడండి. బీ-3లో మాన్యువల్‌కి రెండు డ్రాబార్ సెట్లుంటాయి, పర్కషన్ పై మాన్యువల్‌లో రెండో సెట్‌కే పనిచేస్తుంది. అంకెలు మొదటి సెట్‌లో పెట్టి ఉంటే కొన్ని ప్లగిన్‌లలో అది మౌనంగా ఉంటుంది.

ఇంకో రెండు విషయాలు. పర్కషన్ ఆన్ చేస్తే 1 అడుగు డ్రాబార్ మూగబోతుంది, ఎందుకంటే దాని కాంటాక్టునే పర్కషన్ ట్రిగ్గర్‌కి వాడారు. 88 8000 008 లాంటి సెట్టింగ్‌లో పాత ప్లగిన్ ఆ చివరి 8ని పలికించి ఉంటే కొత్తదానిలో మెరుపు తగ్గినట్టు ఉంటుంది. దాన్ని ఆపే ఆప్షన్ సెట్టింగుల్లో ఉందేమో చూడండి. రెండోది, పర్కషన్ వాల్యూమ్ నార్మల్‌లో ఉంటే డ్రాబార్ల స్థాయి కొంచెం పడిపోతుంది, సాఫ్ట్‌లో పడదు. పాట మధ్యలో ఆర్గాన్ లెవెల్ ఉన్నట్టుండి మారితే ఫేడర్ ముట్టుకోకుండా ముందు ఈ స్విచ్ చూడండి.

లెస్లీ

ఇందాక తీసిన చిన్న రికార్డింగ్ ఇక్కడికి తెచ్చుకోండి. 84వ నోట్ ఫాస్ట్‌లో ఉన్న చోట ఒక్క ఛానెల్ మాత్రమే తీసుకుని వేవ్‌ఫామ్‌ని జూమ్ చేయండి. లెస్లీలో రెండు హార్న్‌లు కనిపించినా ఒకదాన్నుంచే సౌండ్ వస్తుంది, రెండోది బరువు సరితూగడానికే. కాబట్టి ఒక్కో తిరుగుడికి ఒక్కో ఉబ్బు. ఉబ్బుకీ ఉబ్బుకీ మధ్య 150 మిల్లీసెకన్లు ఉంటే నిమిషానికి 400 తిరుగుళ్లు. స్లోలో సుమారు ఒకటింబావు నుంచి ఒకటిన్నర సెకను ఉంటుంది, అంటే 40 నుంచి 48 తిరుగుళ్లు. 60 సెకన్లను ఆ విరామంతో భాగిస్తే పాత ప్లగిన్ స్పీడు వచ్చేస్తుంది. అదే అంకెను కొత్తదానిలో పెట్టండి. స్పీడును హెర్ట్జ్‌లో అడిగితే 60తో భాగించండి: 400 అంటే 6.67.

స్పీడు కన్నా ముఖ్యమైనది అక్కడికి చేరే సమయం. హార్న్ తేలిక కాబట్టి ఒక సెకను అటూఇటూలో వేగం అందుకుంటుంది. డ్రమ్ బరువు, దానికి నాలుగైదు సెకన్లు పడుతుంది. ఆ మధ్య కాలంలో పైది, కిందిది వేర్వేరు వేగాల్లో తిరగడమే లెస్లీ ప్రాణం. పల్లవి చివర స్లో నుంచి ఫాస్ట్‌కి వేసినప్పుడు వచ్చే ఆ ఉప్పెన సరైన బీటు మీద పడాలంటే ఈ సమయాలు పాతదానితో కలవాలి. 84వ నోట్‌తో హార్న్‌ది, 48వ నోట్‌తో డ్రమ్‌ది విడిగా సరిచేయండి.

మైక్ దూరం, స్టీరియో వెడల్పు ఆ తర్వాతే. మైక్ దగ్గరికి వచ్చేకొద్దీ వణుకు లోతవుతుంది, ఆర్గాన్ గది నుంచి కాకుండా చెవి దగ్గర తిరుగుతున్నట్టు ఉంటుంది. పాత ప్లగిన్‌ల స్టీరియో ఇరుకుగా ఉండేది. కొత్తదాన్ని పూర్తి వెడల్పుతో వదిలితే గాయకుడి చుట్టూ ఉన్న చోటంతా అదే ఆక్రమిస్తుంది.

మిడి కంట్రోలర్లు

హామండ్‌కి సస్టెయిన్ పెడల్ లేదు. అందుకే చాలామంది పాత ప్లగిన్‌లో ఆ పెడల్‌ని, అంటే మిడి కంట్రోలర్ నంబర్ (సీసీ) 64ని లెస్లీ స్విచ్‌గా పెట్టుకునేవారు. కొత్త ప్లగిన్ దాన్ని నిజంగానే సస్టెయిన్‌గా తీసుకుంటే కార్డులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. క్యూబేస్ లాజికల్ ఎడిటర్‌లో గానీ, మీ సాఫ్ట్‌వేర్‌లో దానికి సమానమైనదానిలో గానీ సీసీ 64 డేటాను లెస్లీకి కేటాయించిన నంబర్‌కి మార్చండి. సాధారణంగా అది సీసీ 1. పాతది నొక్కిన ప్రతిసారీ స్పీడు మార్చే పద్ధతి అయితే, 127 వచ్చిన ప్రతిచోటా ఒకసారి 127, తర్వాతిసారి 0 అని చేత్తో రాయాలి. కొంచెం శ్రమే, కానీ వేరే దారి లేదు.

సౌండే రాకపోతే సీసీ 11 (ఎక్స్‌ప్రెషన్) చూడండి. పాట చివర ఫేడ్ చేసి 0 దగ్గర వదిలి ఉంటే, మళ్లీ మొదటికి వెళ్లినా ప్లగిన్ అక్కడే ఉండిపోతుంది. మొదటి బార్‌లో పాట మొదలయ్యే విలువను ఒక ఈవెంట్‌గా పెట్టండి. ఎక్స్‌ప్రెషన్‌ని ట్రాక్ వాల్యూమ్ ఆటోమేషన్‌తో భర్తీ చేయకండి. సీసీ 11 ఆంప్ డ్రైవ్‌కి ముందు పనిచేస్తుంది, పెడల్ తొక్కితే సౌండ్ పెరగడంతోపాటు గరగర కూడా పెరుగుతుంది. ఫేడర్ లెవెల్ ఒక్కటే మారుస్తుంది.

మిడిలో ఉన్న ప్రోగ్రామ్ ఛేంజ్‌లన్నీ తీసేయండి. అవి ప్లే నొక్కగానే కొత్త ప్లగిన్ ప్రీసెట్‌ని మార్చేసి, మీరు పెట్టిన అంకెలన్నీ చెరిపేస్తాయి. వెలాసిటీకి (కీ నొక్కే బలానికి) వాల్యూమ్ స్పందిస్తుంటే దాన్నీ ఆపండి. రెండు మాన్యువళ్లు వాడిన ట్రాక్ అయితే ఛానెళ్లు చూడాలి. ఎక్కువ ప్లగిన్‌లలో పై మాన్యువల్ 1, కిందిది 2, పెడల్ 3.

డ్రాబార్ ఆటోమేషన్

ఆటోమేషన్ గీతలు పాత ప్లగిన్ పారామీటర్‌కి కట్టుబడి ఉంటాయి. ప్లగిన్ తీసేస్తే చాలా సాఫ్ట్‌వేర్లలో గీతలూ పోతాయి. కాబట్టి కొత్తదాని లేన్‌లోకి కాపీ చేశాకే పాతది తీయండి. కాపీ చేశాక డ్రాబార్లు తలకిందులుగా కదులుతుంటే, ఒక ప్లగిన్‌లో 0 అంటే మూసి ఉన్నట్టు, ఇంకోదానిలో పూర్తిగా లాగినట్టు అన్నమాట. గీతను నిలువునా తిప్పేస్తే సరిపోతుంది. ఫేడర్లున్న కీబోర్డుతోనూ ఇదే జరుగుతుంది: ఫేడర్ పైకి నెడితే 127, అసలు డ్రాబార్ కిందికి లాగితే 8. ప్లగిన్ మిడి పేజీలో ఇన్వర్ట్ ఆప్షన్ ఉంటుంది.

సీసీతో రాసేటప్పుడు 0 నుంచి 8 వరకు మెట్లకు విలువలు ఇవి: 0, 16, 32, 48, 64, 79, 95, 111, 127. మధ్యలో ఇంకేదైనా అంకె ఉంటే కొన్ని ప్లగిన్‌లు దగ్గరి మెట్టుకి లాగుతాయి, కొన్ని మెట్ల మధ్యలోనే ఆపుతాయి. అందుకే సరిగ్గా ఈ విలువలే రాయడం మంచిది.

పని అయ్యాక కొత్త ఆర్గాన్‌ని లెస్లీతో ఒకటి, లేకుండా ఒకటి ఆడియోగా ఎక్స్‌పోర్ట్ చేసి ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే పెట్టండి. పక్కన ఒక టెక్స్ట్ ఫైల్‌లో ప్లగిన్ పేరు, వెర్షన్, డ్రాబార్ అంకెలు, పర్కషన్ స్థితులు, వైబ్రాటో నాబ్ స్థానం, లెస్లీ స్పీడులు, వేగం అందుకునే సమయాలు, సీసీ నంబర్లు రాయండి. ఆ తర్వాతే పాత ట్రాక్ తీసేయండి.